ఫైలుకు కట్టిన కనబడని చీటీ



మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఏమేమి వస్తాయో మీకు తెలియనిది కాదు. తెల్లవారగానే వాక్యం, పది గంటలకు ఎవరికో రక్తం కావాలన్న విన్నపం, సాయంత్రం కూడిక వేళ, నడుమ పెండ్లి పిలుపులు, పుట్టినరోజు ఫొటోలు. వీటి మధ్యనే ఈ కొద్ది సంవత్సరాలుగా ఇంకొకటి కూడా దూరింది. 'పీఎం కిసాన్' అనో, 'ఆర్టీఓ చలానా' అనో, 'పెండ్లి పిలుపు' అనో పేరు పెట్టుకొని వచ్చే ఫైలు అది. పేరు చివర ఒక చుక్క, ఆ తర్వాత 'ఏపీకే' అనే మూడు అక్షరాలు ఉంటాయి.

అది పిలుపు కాదు, చలానా కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో కొత్త యాప్‌ను కూర్చోబెట్టే మూట. దాన్ని నొక్కగానే ఫోను వెంటనే ఒప్పుకోదు. తెలియని చోటు నుండి వచ్చిన యాప్‌ను ఇక్కడి నుండి పెట్టటానికి అనుమతి లేదని ఒక హెచ్చరిక చూపుతుంది. అక్కడ ఆగిపోతే ఏ నష్టమూ లేదు. అయితే మనవాళ్ళు ఆగరు. ఎందుకని? పంపినది మనకు తెలిసిన నంబరు. సంఘ పెద్ద గారిదో, మేనమామదో, పక్క ఊరి ఆడపడుచుదో. "ఆయన పంపితే తప్పుడుది ఎందుకవుతుంది?" అని సెట్టింగుల్లోకి వెళ్ళి మరీ అనుమతి ఇచ్చేస్తారు.

ఆయన పంపలేదు గదా! ఆయన ఫోను పంపింది. ఆయన కూడా నిన్న సాయంత్రం ఇలాంటి మూటనే విప్పారు. అది ఆయన వాట్సాప్‌ను పట్టుకొని ఆయనకు తెలిసిన వారందరికీ, ఆయన ఉన్న గ్రూపులన్నిటికీ తానే పోతూ ఉంది. పాపం, ఆయనకు ఆ సంగతి తెలిసేసరికి నలుగురు తెరిచి ఉంటారు.

ఈ మూట లోపలికి వెళ్ళి చేసే పని చాలా సులువైనది. మొదట ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఇక బ్యాంకు నుండి వచ్చే ఓటీపీ మన కంట పడకముందే ఎక్కడో ఉన్న వాడికి చేరుతుంది. కొన్ని అచ్చం పీఎం కిసాన్ పేజీ లాంటి పేజీ చూపి ఆధార్ నంబరు, కార్డు నంబరు, పిన్ను నింపమంటాయి. మరికొన్ని మన ఫోనుకు వచ్చే కాల్స్‌ను వేరే నంబరుకు మళ్ళిస్తాయి, అప్పుడు బ్యాంకు వారు ఫోను చేసినా మనకు మోగదు. పని మొదలుకాగానే యాప్ బొమ్మను తెరమీద నుండి దాచేసే రకం కూడా ఉంది.

మన ప్రాంతపు రైతుకు ఆ పేరే ఎందుకు ఎర అవుతుందో చెప్పనక్కరలేదు. మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు మామిడి తోట ఉన్న ఇంటికి ఏడాదికి 6000 రూపాయలు, 2000 చొప్పున మూడు విడతలుగా వచ్చే పీఎం కిసాన్ సొమ్ము అంటే ఎరువుల కొట్టు బాకీలో కొంత తీరటమే. 2019లో మొదలైన పథకం అది. 2025 ఆగస్టులో రాష్ట్రం అన్నదాత సుఖీభవ సొమ్మును దానితో జతచేసి ఇవ్వటం మొదలుపెట్టింది. ఆశ పెరిగిన చోటికే దొంగ వస్తాడు. "మీ ఈకేవైసీ పూర్తి కాలేదు, ఈ ఫైలు తెరవండి, లేకుంటే విడత ఆగిపోతుంది" అంటే ఏ రైతుకు గుండె ఝల్లుమనదు? పీఎం కిసాన్‌కు అసలైన యాప్ ఉంది, అది ప్లేస్టోర్‌లో ఉంది. దానిని ఫైలుగా వాట్సాప్‌లో ఎవరూ పంపనక్కరలేదు. చలానా కట్టటానికీ, పెండ్లి పిలుపు చదవటానికీ ఏ యాప్ పెట్టనక్కరలేదు. పిలుపు అంటే బొమ్మ గానీ పీడీఎఫ్ గానీ అయి ఉండాలి.

మామిడి పెట్టె మీది చీటీ

ఈ హెచ్చరికలు ఎలా పుడతాయో తెలిస్తే దేనికి ఆగాలి, దేనికి అక్కరలేదు అన్నది మనకే తేటపడుతుంది. ఫోను కన్నా కంప్యూటరులో దీన్ని చూడటం తేలిక. ఇప్పుడు చాలా మందిరాల్లో ప్రొజెక్టరు ఉంది, దానికొక కంప్యూటరు ఉంది, దాని దగ్గర ఒక యౌవనస్థుడు ఉంటాడు గనుక ఈ మాట ముఖ్యంగా వారికి.

నున్న మార్కెట్టుకు వెళ్ళే మామిడి పెట్టెకు చీటీ అంటిస్తే అది ఏ తోట నుండి వచ్చిందో చెబుతుంది. కాయ కుళ్ళిందని చెప్పదు, తీపిగా ఉందని కూడా చెప్పదు. ఇంటర్నెట్ నుండి దించుకొన్న ప్రతి ఫైలుకూ విండోస్ ఇలాంటి చీటీయే కడుతుంది. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్ నుండి ఈ పద్ధతి ఉంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏది వాడినా సరే, ఫైలు దిగగానే దాని వెనుక 'జోన్ ఐడెంటిఫయర్' అనే చిన్న రాత చేరుతుంది. ఆ రాతలో ఒక అంకె ఉంటుంది. 3 అంటే ఇంటర్నెట్ నుండి వచ్చింది అని అర్థం. ఏ చిరునామా నుండి దించామో కూడా తరచుగా అందులోనే రాసి ఉంటుంది. ఫైలు సైజులో అది లెక్కకు రాదు, మామూలుగా తెరిస్తే కనబడదు. మైలవరంలోనే లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగు కళాశాల ఉంది. మీ సంఘంలో అక్కడ కంప్యూటర్లు చదివే పిల్లలుంటే అడగండి, ఒక్క నిమిషంలో తెరిచి చూపిస్తారు.

ఆదివారం పాటల కోసం దించుకొన్న పవర్‌పాయింట్ తెరిస్తే పైన పసుపుపచ్చ పట్టీ రావటం, 'ఎనేబుల్ ఎడిటింగ్' అని అడగటం మీరు చూసే ఉంటారు. అది ఈ చీటీ వల్లనే. ఫైలు చెడ్డదని కాదు, బయటిదని. అందుచేత ఆ పసుపు పట్టీని చూసి భయపడనక్కరలేదు. చదవటానికి, తెర మీద వేయటానికి అది అడ్డు కాదు. ఎక్కడి నుండి దించామో మనకు తెలిసి, మార్చవలసిన పని ఉంటేనే నొక్కాలి.

ఎర్ర పట్టీ వస్తే మాత్రం వేరు సంగతి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళలో 'మాక్రో' అనే చిన్న ప్రోగ్రాములు దాచవచ్చు. బయటి నుండి వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను మైక్రోసాఫ్టు వారు 2022 నుండి మామూలుగానే ఆపేస్తున్నారు. పాటల పుస్తకానికి, చందాల లెక్కకు మాక్రో దేనికి? అడిగిందంటేనే అనుమానించాలి. అలాగే ఒక ప్రోగ్రామును తెరవబోతే తెరంతా నీలిరంగు పెట్టె వచ్చి, తయారు చేసినవారెవరో తెలియదని అంటుంది. అక్కడ వద్దని వెనుకకు రావటమే మేలు.

అప్పుడు మంచి ఫైలుకు ఉన్న చీటీని తీసేదెలా? ఫైలు మీద మౌసు కుడి బొత్తాము నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. 'జనరల్' అన్న పేజీలో అడుగున, ఈ ఫైలు వేరే కంప్యూటరు నుండి వచ్చిందన్న మాట, పక్కన 'అన్‌బ్లాక్' అన్న చిన్న గడి ఉంటాయి. గడిలో టిక్కు పెట్టి ఓకే అంటే చీటీ పోతుంది. వంద పాటలు ఒకే జిప్ మూటగా దించుకొంటే, విప్పకముందే ఆ జిప్‌కు అన్‌బ్లాక్ చేయండి. ముందే విప్పితే చీటీ వంద ఫైళ్ళకూ అంటుకొంటుంది, వంద సార్లు తీయాలి. 2025 అక్టోబరు తర్వాత విండోస్‌లో ఇంకొక మార్పు వచ్చింది. చీటీ ఉన్న ఫైలును తెరవకుండా పక్క కిటికీలో చూసే ప్రివ్యూ కూడా ఆగిపోయింది. "మా కంప్యూటరు పాడైంది" అని మెకానిక్కు దగ్గరకు మోసుకుపోకండి. అది పాడవటం కాదు.

ఇక ఎక్కువ మందికి తెలియని సంగతి. పెన్‌డ్రైవు చాలావరకు 'ఫ్యాట్ 32' అనే పద్ధతిలోనో, దాని తర్వాత వచ్చిన 'ఎక్స్‌ఫ్యాట్' పద్ధతిలోనో ఉంటుంది. ఆ పద్ధతుల్లో ఈ చీటీకి చోటే లేదు. నెట్ సెంటరులో దించిన ఫైలును పెన్‌డ్రైవులో వేసుకొని మందిరానికి తెచ్చామంటే, పెట్టెలోని కాయలను గంపలోకి గుమ్మరించినట్టే. చీటీ అక్కడే ఊడిపోయింది. మందిరం కంప్యూటరు ఒక్క హెచ్చరిక కూడా చేయదు. మన పల్లెల్లో ఫైళ్ళు ఎక్కువగా తిరిగేది పెన్‌డ్రైవుల మీదనే గదా. హెచ్చరిక రాలేదు గనుక మంచిదే అన్న ధైర్యం మన దగ్గర పట్నం కన్నా ఎక్కువ ప్రమాదం.

పేరులో దాగిన పేరు

2000 మే నెలలో ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లను చెరిపిన ఒక ప్రేమలేఖ గురించి పెద్దవారికి గుర్తుండవచ్చు. ఫిలిప్పీన్స్‌లో పుట్టింది అది. ఈమెయిలుకు జోడించిన ఫైలు పేరు చూస్తే 'టీఎక్స్‌టీ' అని, అంటే మామూలు రాత అని కనబడేది. దాని వెనుక ఇంకొక చుక్క, 'వీబీఎస్' అనే అక్షరాలు ఉన్నాయి. అది ప్రోగ్రాము. విండోస్ తనకు తెలిసిన తోకలను పేరులో నుండి దాచేస్తుంది గనుక ఆ తోక చాలామందికి కనబడలేదు. అది కూడా తెలిసినవారి చిరునామా నుండే వచ్చింది, తెరిచినవారి పరిచయస్థులందరికీ తానే వెళ్ళింది. ఇప్పటి ఏపీకే మూటకు అది తాత వరస. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి నేరానికి తగిన చట్టం లేక, తయారు చేసిన యువకునిపై కేసు నిలవలేదు. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం ఆ ఏడాదే అక్టోబరులో అమలులోకి వచ్చింది.

ఆ తోకను దాచే అలవాటు విండోస్‌కు నేటికీ పోలేదు. ఫోల్డరు తెరిచి 'వ్యూ'లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్'కు టిక్కు పెడితే అసలు పేర్లు కనబడతాయి. మందిరం కంప్యూటరులో ఈ ఒక్క పని ఇవాళే చేయించండి. తెలుగు ఫాంటు కావాలని వెతుకుతూ పోతే 'ఈఎక్స్ఈ' తోక ఉన్న ప్రోగ్రాము అంటగట్టే చోట్లు తగులుతాయి. ఫాంటు ఫైలుకు 'టీటీఎఫ్' అనో 'ఓటీఎఫ్' అనో తోక ఉంటుంది. రామభద్ర, మల్లన్న, మండలి వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతుంటే ఎవరో ఇచ్చిన దొంగ కాపీల వెంట పడటం దేనికో నాకు అర్థం కాదు.

ఫైలు మన గురించి చెప్పేది

ఇంతవరకు బయటి నుండి వచ్చే ఫైళ్ళ సంగతి. మనం బయటకు పంపే ఫైలు కూడా మన సంగతులు కొన్ని మోసుకొనిపోతుంది. వర్డులో ఒక ఉత్తరం టైపు చేస్తే, ఆ కంప్యూటరు ఎవరి పేరున ఉందో, ఆఖరున మార్చినది ఎవరో, ఎన్ని నిమిషాలు కూర్చుని దిద్దారో కూడా ఫైలులో చేరుతుంది.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే పట్టణం ఉంది. అక్కడ 1974 నుండి 1991 వరకు పదిమందిని చంపిన హంతకుడు చాలా ఏళ్ళు దొరకలేదు. వాడు తానే పోలీసులకు, పత్రికలకు ఉత్తరాలు రాస్తూ వారిని ఆడించేవాడు. ఫ్లాపీ డిస్కులో పంపితే నన్ను కనిపెట్టగలరా అని ఒక ఉత్తరంలో పోలీసులనే అడిగాడు. ఫరవాలేదని వారు పత్రికలో ప్రకటన వేశారు. 2005 ఫిబ్రవరిలో వాడు ఒక టెలివిజన్ కేంద్రానికి ఫ్లాపీ పంపాడు. అందులో చెరిపివేసిన ఒక వర్డు ఫైలు తాలూకు ఆనవాళ్ళు మిగిలి ఉన్నాయి. దాని వెనుక రాతలో 'క్రైస్ట్ లూథరన్ చర్చి' అన్న పేరు, ఆఖరున మార్చినవారు 'డెన్నిస్' అన్న పేరు ఉన్నాయి. ఆ సంఘపు కౌన్సిలు అధ్యక్షుడు డెన్నిస్ రేడర్. ఇతర సాక్ష్యాలు కూడా కలిపి ఫిబ్రవరి 25న పట్టుకొన్నారు. తన సంఘపు కంప్యూటరునే వాడుకొన్నాడు. ముప్పై ఏళ్ళు దాగినవాణ్ణి రెండు మాటలు పట్టించాయి.

ఆ రాత హంతకుణ్ణి పట్టించింది, సంతోషమే. అదే రాత నేరమేదీ చేయని మనల్ని కూడా పట్టిస్తుంది. జిరాక్సు షాపులో పెండ్లి సంబంధానికి బయోడేటా టైపు చేయిస్తాం. షాపు అబ్బాయి పాత బయోడేటా తీసి, పేర్లు మార్చి, కొత్తది చేస్తాడు. పైకి మన అమ్మాయి పేరే ఉంటుంది. వెనుక 'టైటిల్' అన్న చోట వేరే ఇంటి అమ్మాయి పేరు మిగిలిపోవచ్చు. రేపు మన అమ్మాయి పేరు ఇంకొకరి ఫైలులో. సంబంధం కుదరని ఇంటివాళ్ళకు ఇలాంటివి కంటబడితే ఏమేమి మాటలు పుడతాయో వేరే చెప్పాలా? కమిటీ వారు రాసే ఉత్తరాలదీ ఇదే తీరు. 'ట్రాక్ ఛేంజెస్' పెట్టి దిద్దిన తీర్మానాన్ని అలాగే పంపితే, కొట్టివేసిన వాక్యాలు కూడా అవతలివారు చదువుకొంటారు. ఆవేశంలో రాసి, ఆలోచించి కొట్టివేసిన మాట చదవటంలో ఉన్న రుచి అసలు తీర్మానంలో ఉండదు మరి!

వర్డులో 'ఫైల్', 'ఇన్ఫో', 'చెక్ ఫర్ ఇష్యూస్', 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' అని వరుసగా వెళితే ఈ రాతలన్నీ వెదికి చెరపవచ్చు. షాపులో చేయించేవారు అబ్బాయిని అడిగి చేయించుకోండి. అలాగే మన ఆధార్, పాసుపుస్తకం స్కాన్లు అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో మిగలకుండా, రీసైకిల్ బిన్‌లో కూడా లేకుండా మీ కళ్ళ ముందే తీయించండి. మొహమాటం వద్దు, అది మీ సొత్తు.

ఫొటోల విషయం తల్లులు ముఖ్యంగా వినాలి. కెమెరా ఫొటో తీసేటప్పుడు తేదీ, గంట, కెమెరా రకం ఫొటోలోనే రాసిపెట్టే పద్ధతి జపానులో 1995లో రూపొందింది. ఇప్పుడు ఫోన్లకు జీపీఎస్ ఉంది. కెమెరాలో లొకేషన్ తెరిచి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా అందులో చేరతాయి, ఆరుబయట తీసినదైతే కొద్ది మీటర్ల తేడాతో. ఇంటి వాకిట్లో తీసిన పాప ఫొటో అంటే ఇంటి చిరునామా ఇచ్చినట్టే. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే ఆ రాత తొలగిపోతుంది. స్పష్టత తగ్గకూడదని 'డాక్యుమెంటు'గా పంపితే మాత్రం మొత్తం అలాగే వెళుతుంది. సండేస్కూలు పిల్లల ఫొటోలు ఫ్లెక్సీ కోసమనో పత్రిక కోసమనో పంపేటప్పుడు చాలామంది డాక్యుమెంటుగానే పంపుతారు. అటువంటప్పుడు కంప్యూటరులో ఫొటో 'ప్రాపర్టీస్'లో 'డీటెయిల్స్' తెరిచి, అడుగున ఉన్న 'రిమూవ్ ప్రాపర్టీస్' నొక్కి తీసివేయండి. అంతకన్నా తేలికైనది, ఫోను కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆపివేయటం. ఒక్కసారి చేస్తే చాలు. పాత ఫొటోలకు మాత్రం ఇది వర్తించదు.

పొరపాటున తెరిచినవారికి

ఇంట్లో ఎవరైనా ఏపీకే మూట విప్పేశారనుకోండి. మొదట వారిని తిట్టకండి. తిడతారన్న భయంతో రాత్రంతా చెప్పకుండా దాచిన వృద్ధులు ఉన్నారు, ఆ రాత్రే ఖాతా ఖాళీ అవుతుంది. ఫోనును వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోను నుండి 1930కి చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబరు అది. సొమ్ము ఒక ఖాతా నుండి ఇంకొక ఖాతాకు మారుతూ పోయేలోపు మధ్యలో ఆపించటమే వారి పని గనుక మొదటి గంట చాలా విలువైనది. ఖాతా నంబరు, పోయిన మొత్తం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకొని మాట్లాడండి. తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతాను, కార్డును ఆపించండి. బ్యాంకుకు చెప్పిన గంట, నిమిషం, వారిచ్చిన ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మనవైపు అజాగ్రత్త ఉన్నా, మనం తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అన్న చోట రాతపూర్వకంగా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. విజయవాడలో సైబర్ క్రైమ్ పోలీసు స్టేషను ఉంది.

ఆ తర్వాత ఫోను సంగతి. సెట్టింగులలో యాప్‌ల జాబితా తెరిస్తే తెర మీద బొమ్మ దాగిన యాప్ కూడా అక్కడ పేరుతో ఉంటుంది, దాన్ని తీసివేయాలి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో తీయాలి. కాల్స్ మళ్ళిపోతున్నాయేమో *#21# కొడితే తెలుస్తుంది, ##002# కొడితే మళ్ళింపులన్నీ రద్దవుతాయి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి మనవి కానివన్నీ తొలగించాలి. అనుమానం తీరకపోతే ఫొటోలు, నంబర్లు భద్రం చేసుకొని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

ఈలోగా ఇంట్లో మరొకరి ఫోను నుండి సంఘ గ్రూపులో ఒక్క మాట పెట్టించాలి: నా నంబరు నుండి వచ్చిన ఫైలు తెరవకండి అని. గ్రూపు నడిపేవారు ఆ ఫైలును అందరి ఫోన్లలోనూ కనబడకుండా తొలగించవచ్చు. అయితే అప్పటికే దించుకొన్నవారి ఫోనులో అది మిగిలే ఉండవచ్చు గనుక, నెట్ చూడని పెద్దవారికి ఎవరైనా ఇంటికి వెళ్ళి చెప్పిరావాలి.